నిలబడి పడవ నడిపినవాడు

భూమయ్య పడవను నిలబడి నడిపేవాడు.

మెదక్ నుంచి హవేలిఘనపూర్ దాటిపోతే వచ్చే డ్యాం దగ్గర ఆదివారాలు జనం బాగానే పోగవుతారు. చర్చి చూసుకుని, చెట్ల కింద అన్నం గిన్నెలు విప్పుకుని, పిల్లల పోరు పడలేక చివరికి పడవ ఎక్కుతారు. ఎక్కిన ప్రతివాళ్ళకూ ముందు కనపడేది భూమయ్య వీపే. తలకు తువ్వాల, ఒంటి మీద ఖాకీ అంగీ, కాళ్ళు ఎడంగా పెట్టి, స్టీరింగు మీద ఒక చెయ్యి వేసి నీళ్ళకేసి చూస్తుండేవాడు. వెనక ఇనుప సీటు ఖాళీగా ఉండేది. పట్నం నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆ ఠీవి చూసి ఫోటోలు తీసుకున్నారు. ఒక పెద్దమనిషి, ఈయన తప్పకుండా నేవీలో చేసి ఉంటాడన్నాడు. భూమయ్య ఔననలేదు, కాదని కూడా అనలేదు.

అసలు సంగతేమిటంటే భూమయ్య కూర్చోలేడు. మొలలు.

అంత చిన్న మాట. కానీ యాభై దాటిన భూమయ్యకు ఆ మాట పైకి అనడం కంటే నడుముకు రాయి కట్టుకుని డ్యాంలో దూకడం తేలికనిపించేది. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు భార్య శివమ్మ. రెండోవారు ఒక డాక్టరు. ఆయన చూసి, "చిన్న ఆపరేషనే" అన్నాడు. "ఎట్ల పండవెడ్తరు సార్?" అని భూమయ్య అడిగాడు. డాక్టరు చేతులతో వంచి చూపించాడు. భూమయ్య చెప్పులు అక్కడే మరిచి ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచీ అభయారిష్టం అనే ఆయుర్వేదం మందే దిక్కు. రెండు పూటలా అన్నం తిన్నాక ఒక మూత మందు, ఒక మూత నీళ్ళు. తాగితే నిలబడి పని చేసుకోగలడు. తాగకపోతే నిలబడడమూ కష్టమే.

భూమయ్యది చేపలు పట్టే ఇల్లు. ఊహ తెలిసినప్పటినుంచీ నీళ్ళ మీదే బతుకు, నీళ్ళతో పాటు కల్లూ. ఆ రోజుల్లో ఆయన పేరు నిద్ర భూమయ్య. ఎల్దుర్తి దిక్కున ఒక పెళ్ళికొడుకును అడ్డదారిన తెప్ప మీద అవతలి ఒడ్డుకు చేరుస్తానని బయల్దేరి, నడి చెరువులో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. పెళ్ళికొడుక్కి ఈత రాదు. లేపితే భూమయ్య కదులుతాడు, కదిలితే తెప్ప తిరగబడుతుంది. పాపం ఆ పిల్లగాడు బాసికం కట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ముహూర్తం నీళ్ళ మీదే దాటిపోయింది. మెదక్‌లో ఒకసారి పేరు పడిందంటే ఆధార్ కార్డు మీది పేరన్నా మారుతుంది గానీ అది మారదు.

ఆ తర్వాతే శివమ్మ చేగుంటలో పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. పిలవడానికి పోతే గడప దిగలేదు.

"కల్లు ఇడిస్తె ఇంటికొస్త. లేకుంటె గా తెప్పతోనే కాపురం జేస్కో" అంది.

విడిచాడు. నిజంగానే విడిచాడు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, శివమ్మ నమ్మింది. మెదక్‌లో టైల్స్ దుకాణం నడిపే అమరేందర్ డ్యాంలో పడవ తిప్పుకునే వేలంపాట దక్కించుకున్నప్పుడు, ఆమే స్వయంగా వెళ్ళి భర్త తరఫున మాటిచ్చి ఆ పని ఇప్పించింది. అమరేందర్ పెట్టిన షరతు ఒక్కటే. "అక్కా, నువ్వు జెప్పినవని పెట్టుకుంటున్న. తాగిన వాసనొస్తె మాత్రం గా దినమే ఇంటికి పంపుత."

పడవకున్నది ఒక పాత కారు పెట్రోలు ఇంజను. డ్రైవరు సీటు కింద చెక్క పెట్టెలో ఉంటుంది. వెనక మూల ఎల్లం అనే అతను చిన్న గ్యాసు సిలిండరు పెట్టుకుని మిర్చి బజ్జీలు వేస్తాడు. పర్మిషన్ కొత్తది చేయడానికి వచ్చిన ఆఫీసరు బజ్జీ తింటూ చుట్టూ చూసి, తినడం ఆపేశాడు. పెట్రోలు గానీ గ్యాసు గానీ లీకైతే అరిచే మిషను పెడితేనే సంతకం, లేకపోతే పడవ ఒడ్డుకు కట్టేసుకోవాలన్నాడు.

"దినాం ఇంజను మీద వంగేటోనివి నువ్వు. ఎసుంటిది గావాల్నో నువ్వే చూసి తే" అన్నాడు అమరేందర్ భూమయ్యతో. పుట్టి బుద్ధెరిగాక భూమయ్యను ఒక వస్తువు ఎంచుకు రమ్మన్నవాళ్ళు లేరు. ఇంట్లో కూరగాయలు కూడా శివమ్మే తెస్తుంది. ఇస్త్రీ అంగీ వేసుకుని మెదక్ బస్సెక్కాడు.

రాందాస్ చౌరస్తా దగ్గరి సందులో జియా దుకాణం. నీళ్ళ మోటార్లు, గ్యాసు పొయ్యిలు, ఇన్వర్టర్లు, అమ్మడమూ బాగుచేయడమూ రెండూ చేస్తాడు. ముందు బల్ల మీద ఎప్పుడూ నలుగురు చాయ్ తాగుతూ ఉంటారు, వాళ్ళకు ఏ మోటారూ ఉండదు. భూమయ్య వచ్చిన పని చెప్పేసరికి వాళ్ళూ బల్ల దగ్గరికి జరుపుకున్నారు.

"గిది వంటింట్ల గోడకు పెట్టేది" అని జియా తెల్ల డబ్బా ఒకటి చూపించాడు. "కరెంటు ప్లగ్గు గావాలె. గ్యాసు పసిగడ్తది గని పెట్రోలు దీని లెక్కల లేదు. నీ పడవల బొమ్మ లెక్క కూసుంటది."

"గిదో?"

"గిది చేతుల పట్టుకునేది. ఫ్యాక్టరీలల్ల వాడ్తరు. మంచిదే, గని దినాం చార్జింగు పెట్టాలె, యాది పెట్టుకొని తీస్కపోవాలె."

"మరిచిపోత."

"గందుకే వద్దంటున్న. గిది చూడు." జియా మూడోది విప్పాడు. అరచేతిలో పట్టే డబ్బా, దాని నుంచి పొడుగాటి వైరు, వైరు చివర బొటనవేలంత ముక్క. దాని మూతికి సన్నటి జాలీ. "డబ్బ స్టీరింగు కాడ బిగిస్తం. పడవ బ్యాటరీకే కలుపుతం. గీ కొసకున్నదే ముక్కు."

"ముక్కు కప్పుకు బిగియ్యాల్నా, భాయ్?"

"అరె, కప్పుకు బిగిస్తె పిట్టల వాసన జూస్తది. పెట్రోలు ఆవిరి గాలి కన్న బరువు, భూమన్నా. నీ సిలిండర్ల గ్యాసు గూడ గంతే. నీళ్ల లెక్క కిందికి జారి పడవ అడుగుల పంటది. ముక్కు ఇంజను పెట్టెల కిందికుండాలె. అడుగుకు ఊరిన నీళ్లు తాకనంత పైకి. సమజైందా?" అని, డబ్బా మీది బటన్ ఒత్తాడు. మిషను 'పీ' అంది. "గీ బటను గొంతు మాత్రమే చూస్తది. ముక్కు పనిజేస్తుందా లేదా చూడాలంటె గిట్ల." సిగరెట్ లైటరును మంట రాకుండా జాలీ దగ్గర వదిలాడు. మిషను చెవులు చిల్లులు పడేలా మొత్తుకుంది. చాయ్ తాగేవాళ్ళలో ఒకాయన గ్లాసు ఒలకబోసుకున్నాడు.

భూమయ్యకు అది నచ్చింది. చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"జర ఆగు" అన్నాడు జియా. "గిండ్ల రెండు రకాలున్నయి. ఒకటి పెట్రోలు, గ్యాసు తప్ప వేరేవి పట్టించుకోదు. గది హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. నీ చేతుల ఉన్నది అన్నిటికీ మొత్తుకుంటది. అత్తరుకు, థిన్నరుకు, స్పిరిటుకు. తాగినోడు మూతి దగ్గర వెట్టినా మొత్తుకుంటది. నా మాటిను, తెప్పిస్త."

"తెప్పియ్యి, తెప్పియ్యి" అన్నాడు గ్లాసు ఒలకబోసుకున్నాయన. "నిద్ర భూమన్నకు గా హైదరాబాద్‌దే సేఫు."

బల్ల మీద నలుగురూ నవ్వారు. జియాకు కూడా మీసాల కింద నవ్వు ఆగలేదు.

భూమయ్య చెవులు వేడెక్కాయి. "గిదే కట్టు, భాయ్" అన్నాడు. "తాగుడిడిసినోనికి భయమేంది? ఎంత మొత్తుకునేదైతె గంత మంచిది."

ఆ పూట ఆయన బస్సులో నిలబడే వచ్చాడు గానీ, నొప్పి వల్ల కాదు.

మిషను బిగించాక వచ్చిన మొదటి ఆదివారం అమరేందరే స్వయంగా పడవెక్కి జనానికి చెప్పాడు. "చూడుండ్రి, జిల్లాల యాడలేదు గిట్లాంటిది. మీ ప్రాణాలకు కాపలా." భూమయ్య అప్పుడే అన్నం తిని, మూత మందు తాగి వచ్చాడు. ఆనవాయితీ ప్రకారం ఇంజను పెట్టె మూత ఎత్తి, ఆయిలు చూడడానికి లోపలికి వంగాడు.

మిషను మొత్తుకుంది.

జనం ఒకరి మీద ఒకరు పడుతూ ఒడ్డుకు దూకారు. ఒకావిడ చెప్పు నీళ్ళలో పడింది. అమరేందర్ పెట్రోలు పైపు మొత్తం తడిమి చూశాడు, ఎల్లం సిలిండరు కట్టేశాడు. ఎక్కడా ఏమీ లేదు. భూమయ్య వెనక్కి జరిగితే మిషను ఊరుకుంది. వంగితే మొత్తుకుంది. జరిగాడు, ఊరుకుంది. వంగాడు, మొత్తుకుంది. మూడోసారికి ఒడ్డు మీద ఎవరో ఈల వేశారు.

"భూమయ్యా, జర గా ముక్కు మీద ఊదు" అన్నాడు అమరేందర్ మెల్లగా.

ఊదాడు. పీ అన్నది పీ కాదు, రైలు కూత.

"సేటూ, మా శివమ్మ మీద ఒట్టు. తాగలే."

"మరి మిషిను తాగిందా?"

ఆ మాటకు పడిన నవ్వులు డ్యాం అవతలి గట్టుకు తగిలి మళ్ళీ వెనక్కి వచ్చాయి. అమరేందర్ చెడ్డవాడేం కాదు. పక్కకు పిలిచి, "శివమ్మక్క మొఖం జూసి ఊకుంటున్న. దసర దాంక టైమిస్తున్న. గప్పటికి ఇడిస్తివా సరే. లేదంటే వేరేటోన్ని చూస్కుంట" అన్నాడు.

అప్పటినుంచీ ప్రతి ట్రిప్పుకు ముందు అదొక తమాషా అయింది. అమరేందర్ ఉన్నా లేకపోయినా జనమే అడిగేవాళ్ళు: "ఊదుండ్రి భూమన్నా, ఊదుండ్రి." ఫోన్లు పైకి లేచేవి. ఊదకపోతే తాగినట్టు, ఊదితే ఎలాగూ తాగినట్టే. ఆయన ఇలాచీ నమిలాడు, లవంగాలు నమిలాడు. మునిగి చేపలు పట్టిన ఊపిరి గదా అని, శ్వాస బిగబట్టి పెట్టెలోకి వంగాడు. కానీ ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూసేసరికి ఊపిరి బుస్సుమని బయటికొచ్చేది, దాంతో పాటు మిషను కేక. నిద్ర భూమయ్య పోయి పీపీ భూమయ్య అయ్యాడు.

మతలబు ఏమిటో ఆయనకు జియా దగ్గరే తెలిసింది. సీసా మీద పైన పెద్ద అక్షరాలతో ఏ జబ్బుకో రాసి ఉన్న చోటు గోరుతో గీకేసి తీసుకుపోయి చూపించాడు. జియా మిగిలింది చదివి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అరె భూమన్నా, దీంట్ల స్పిరిటుంది గదా! మందు ఊరేటప్పుడు దానంతల అదే పుడ్తదని రాసే ఉన్నది. ఏం బీమారికి తాగుతున్నవ్?"

"కడుపుల నొప్పికి."

"మరింకేంది? గీ సీసా తీస్కపోయి సేటుకు చూపెట్టు. ఖతం. లేదంటె సేటుతోని ఒక్క మాట జెప్పియ్యి, గా హైదరాబాద్ ముక్కు తెప్పిచ్చి మారుస్త."

చూపెడతానని చెప్పి బయల్దేరాడు. కడుపునొప్పి అంటే అమరేందర్ ఊరుకోడు, సీసా పేరు ఫోన్లో కొట్టి చూస్తాడు. ఫోను దేనినీ గోరుతో గీకనివ్వదు. ముక్కు మార్చమంటే తాగుతున్నానని తనే ఒప్పుకున్నట్టు. ఒక వారం మందు మానేసి కూడా చూశాడు. మిషను నోరు మూసుకుంది. కానీ ఆ ఆదివారం సాయంత్రానికి ఎల్లం, "ఏంది మామా, బాతు లెక్క నడుస్తున్నవ్?" అన్నాడు. సోమవారం మళ్ళీ మూత విప్పాడు.

"జెప్పరాదా?" అంది శివమ్మ ఇంట్లో. "రోగమే గద. దొంగతనమా, లంగతనమా?"

"యాడ రోగం అంటరు. ఏమని జెప్పాలె? రేపు ఊరంత పాకుతది. రఘుపతి బావకు ఎర్కైతె నన్ను సచ్చేదాంక ఇడుస్తడా?"

రఘుపతి వాళ్ళ వియ్యంకుడు, ఎల్దుర్తిలో ఉంటాడు. కూతుర్ని ఇచ్చిన ఇల్లు. వియ్యంకులు ఒకరినొకరు ఎకసెక్కమాడుకోవడం మన దగ్గర హక్కు. రఘుపతి దాన్ని ఒక ఉద్యోగంలా, సెలవు కూడా పెట్టకుండా చేసేవాడు. పెళ్ళినాడు భూమయ్య పళ్ళెంలో అన్నం కింద తడి ముగ్గు పెట్టింది ఆయనే.

"తాగుబోతంటె మాత్రం పర్వలేదా?" అంది శివమ్మ.

"తాగుడు మొగోనికి ఉండేదే."

శివమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. "నువ్వేమన్న అనిపించుకో. నేను మాత్రం మల్లా తాగుబోతు పెండ్లాన్ని అనిపించుకోను. నీకు లేకుంటె లేదు, నాకు ఇజ్జతుంది."

దసరా వచ్చింది. బండ్లూ మిషన్లూ పనిముట్లూ అన్నీ కడిగి పూజ చేసే రోజు. అమరేందర్ దుకాణంలో పూజ చేసుకుని, పడవది భూమయ్యకు వదిలేశాడు. భూమయ్య తలస్నానం చేసి, పడవ కడిగి, బంతిపూల దండలు కట్టి, గంధం, పసుపు కలిపిన గిన్నెతో ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. స్టీరింగుకు, లంగరుకు, ఇంజనుకు, ఎల్లం సిలిండరుకు. చివరికి ఇంజను పెట్టెలో ఆ ముక్కు దగ్గరికి వచ్చి ఆగాడు.

అందరికీ వేలితో పెట్టాడు. దానికి మాత్రం బొటనవేలితో, దట్టంగా, జాలీ కనపడకుండా మెత్తాడు. పైన కుంకుమ అద్దాడు. దండం కూడా పెట్టుకున్నాడు. పూజలో పెట్టిన బొట్టును ఎవరు తుడుస్తారు? మెదక్‌లో లారీల మీద పోయిన దసరా బొట్లు ఈ దసరా దాకా ఉంటాయి. పెట్రోలు సంగతా? నాకు ముక్కు లేదా, పుట్టినప్పటినుంచీ నీళ్ళ మీద వాసనలు చూడడమే గదా పని అనుకున్నాడు.

పండుగ తర్వాతి ట్రిప్పుకు అమరేందర్ వచ్చాడు. "ఊదు" అన్నాడు. ఊదాడు. మిషను ఊరుకుంది. ఇంకా దగ్గరికి వంగి ఊదమన్నాడు. ఊరుకుంది. అనుమానం వచ్చి బటన్ ఒత్తాడు. 'పీ' అంది. బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"గంటె నిజంగనే ఇడిసినవ్!" అని అమరేందర్ అందరి ముందూ భూమయ్యను కౌగిలించుకున్నాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టాడు. ఎల్లం బజ్జీలు ఊరికే పెట్టాడు. అమ్మవారు మొక్కు విన్నదని శివమ్మ ఒడిబియ్యం పోసి వచ్చింది. మిషను ఎందుకు ఊరుకుందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. బజారులో పోతుంటే, "భూమన్నా, మస్తు పని జేసినవ్" అన్నారు. చలికాలం మొదలయ్యేదాకా గడిచినంత తీయటి రోజులు భూమయ్య బతుకులో లేవు. పీపీ అన్న పేరు కూడా మెల్లగా వదులైంది.

అప్పుడు రఘుపతి వచ్చాడు. ఆదివారం, ఆటో నిండా మందితో, తన భార్య, కొడుకు, కోడలు, అంటే భూమయ్య కూతురు, ఆమె చంకలో పిల్ల. శివమ్మ పట్టుచీర కట్టుకుని ఎదురు వెళ్ళింది. ఆ రోజు జనం ఎక్కువని అమరేందర్ కూడా అక్కడే ఉన్నాడు.

"బావా, నిలవడి నడుపుతవంట గదా, రథసారథి లెక్క" అన్నాడు రఘుపతి ఎక్కుతూనే. "కూసుంటె జీతం కోస్తరా ఏంది?"

"కూసుంటె దారి కనవడది బావా" అన్నాడు భూమయ్య. నవ్వు కూడా నవ్వాడు.

పడవ నిండిపోయింది. వెనక ఎల్లం పిండి కలుపుతున్నాడు. భూమయ్య పెట్టె మూత ఎత్తాడు.

వాసన ముఖాన కొట్టింది. ఆయిలు వాసన కాదు, తడిబట్టల వాసన కాదు. పెట్రోలు. పెట్టె అడుగున ఎక్కడో పైపు కింద తడి మెరుస్తోంది. పెట్టెలోని గాలి బయటికి తోసే పంకా వేశాడు. వాసన తగ్గలేదు.

"దిగుండ్రి" అన్నాడు. "అందరు దిగుండ్రి. పెట్రోలు కారుతుంది."

ఎవరూ కదల్లేదు. వరసలో నిలబడి నిలబడి దొరికిన సీట్లవి. అమరేందర్ పక్కకు వచ్చి మిషను కేసి చూశాడు. చప్పుడు లేదు. బటన్ ఒత్తాడు. 'పీ'.

"మిషిను మంచిగనే ఉన్నది గదా. మొన్న పోసేటప్పుడు ఒలికి ఉంటది. స్టార్ట్ చేయి."

"సేటూ, నా మాటిను. మస్తు వాసనొస్తుంది."

"మిషినుకు రాని వాసన నీకొస్తుందా?"

"బావా, నీ ముక్కు జపాన్‌దా?" అన్నాడు రఘుపతి. పడవంతా గొల్లుమంది. భూమయ్య కూతురు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక నుంచి టకటకమని లైటరు చప్పుడు. ఎల్లం పొయ్యి వెలిగించబోతున్నాడు, అంటుకోవడం లేదు.

భూమయ్యకు అప్పుడు రెండు సంగతులు కలిసి కనపడ్డాయి. ఆ లైటరు, కూతురి చంకలో పిల్ల. "అరేయ్ ఎల్లం, ముట్టియ్యకురా!" అని అరిచి, తల మీది తువ్వాల లాగి, నీళ్ళలో ముంచి, పెట్టెలోకి వంగి, ఎండి పెంకు కట్టిన ఆ పసుపుగంధం గోరుతో పెకిలించి రుద్దాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మిషను మొదలుపెట్టింది. భూమయ్య వెనక్కి జరిగాడు. అయినా ఆపలేదు. పడవ చివరి దాకా జరిగాడు. మొత్తుకుంటూనే ఉంది.

ఈసారి దూకనివాళ్ళు లేరు. అందరికంటే ముందు దూకింది రఘుపతి, మోకాలు దాకా బురదలోకి. అమరేందర్ పెట్రోలు కాక్ కట్టేశాడు, పలకలు, మూతలు అన్నీ ఎత్తించాడు. పాత రబ్బరు పైపు ఒక చోట పగిలి, పడవ అడుగున చారెడు పెట్రోలు చేరి ఉంది. ఒడ్డుకు వచ్చి, ఆయన భూమయ్య చేతిలోని తువ్వాల కేసి చూశాడు. పసుపు ముద్ద, కుంకుమ.

"నువ్వే మూసినవా?" మిషను కేకల మీద గొంతు పెంచి అడిగాడు.

భూమయ్య తలూపాడు.

"ఎందుకు?"

భూమయ్య తువ్వాలను వీపు వెనక్కి తీసుకున్నాడు.

"తాగుడు ఇడువలేదన్నట్టు. దసర నుంచి మా కండ్ల మన్ను గొడ్తున్నవన్నట్టు."

భూమయ్య తల వంచుకున్నాడు. ఒప్పుకున్నట్టే ఉంది. చుట్టూ జనం, ఫోన్లు, ముందు వరసలో మోకాళ్ళ బురదతో రఘుపతి. తాగుబోతు అనే మాట ఆయనకు అలవాటైన చొక్కా. మళ్ళీ తొడుక్కోవడానికి చేతులు చాపాడు.

"తాగలే!" అని శివమ్మ ముందుకొచ్చింది. మిషను మోతలో ఎవరికీ వినపడలేదు. ఆమె ఇంకా గట్టిగా, గుండెలోంచి, డ్యాం అవతలి వాళ్ళకు కూడా చెప్పాలన్నట్టు అరిచింది. సరిగ్గా అప్పుడే పడవలో గాలి ఆడి, మిషను ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మాట ఒక్కటే మిగిలింది:

"మా ఆయనకు మొలలయ్యా! మొలలు! గా మందు తాగుతుండు!"

అవతలి గట్టు ఆ మాటను పట్టుకుని మళ్ళీ ఒకసారి అంది.

ఎవరూ వెంటనే నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ముందుగా రఘుపతి ముఖం ఉబ్బింది. "గందుకా బావా," అన్నాడు నెమ్మదిగా, ఏదో గొప్ప లెక్క తేలినవాడిలా, "గందుకా నువ్వు కూసుంటలేవు?" ఇక కట్ట తెగింది. నవ్వీ నవ్వీ ఒకాయన గట్టు మీద కూర్చుండిపోయి, కూర్చున్నానని గుర్తొచ్చి మళ్ళీ నవ్వాడు. భూమయ్య అల్లుడు పక్కకు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. శివమ్మ మాత్రం తల ఎత్తుకునే నిలబడింది. తన మొగుడు తాగలేదు. ఆ సంగతి తేలిపోయింది. భర్త ముఖం కేసి ఆమె చాలాసేపటికి గానీ చూడలేదు. చూశాక పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అమరేందర్ ఒక్కడే నవ్వలేదు.

"మొలలంటె నేను నవ్వుదునా అన్నా? మా నాయనకు లేవా?" అన్నాడు. "తాగినా ఇంకోపారి ఊకుందు. మిషిను మూతి మూసి గింతమందిని ఎక్కిచ్చినవ్. నీ మనుమరాలు గూడ ఉండె."

అందులో తప్పు పట్టడానికి ఒక్క మాటా లేదు. ఉంటే భూమయ్యకు కాస్త ఊరటగా ఉండేది. భూమయ్య పడవ తాళంచెవి తీసి అమరేందర్ చేతిలో పెట్టాడు.

పెట్రోలు కారిన సంగతి ఊళ్ళో రెండు రోజులు చెప్పుకున్నారు. మిగతాది ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పడవకు జియా హైదరాబాద్ ముక్కు తెప్పించి బిగించాడు. అది తాగినవాళ్ళ జోలికి పోదు. కొత్త డ్రైవరు హాయిగా సీట్లో కూర్చుని నడుపుతున్నాడు. భూమయ్య ఒడ్డు మీద మక్క కంకులు కాలుస్తాడు. కొనేవాళ్ళు రెండు కంకులియ్యమని ఊరుకోకుండా, "కారం తక్కువెయ్యి తాతా, మల్లా నీ తీరైతది" అంటారు. వాళ్ళలో సగం మందికి ఆయన పడవ నడిపాడని కూడా తెలియదు.

ఇంక దాచడానికి ఏమీ లేకపోవడంతో శివమ్మ ఆయన్ను దవాఖానకు లాక్కుపోయి ఆపరేషన్ చేయించింది. మంచిగా అయింది. కూర్చో, ఎంతసేపైనా కూర్చో అన్నాడు డాక్టరు.

మొన్న ఎల్దుర్తిలో కొత్తగా పుట్టిన మనుమడి పురుడుకు వెళ్ళారు. షామియానా కింద వియ్యంకుడికి బట్టలు పెట్టే వేళ రఘుపతి ధోవతి మీద ఇంకో పొట్లం పెట్టాడు. అందరూ విప్పమన్నారు. నడుమ పొక్క ఉన్న గుండ్రటి గాలి దిండు. పసుపు కూడా పెట్టాడు దానికి, కుంకుమ కూడా.

"దసర దాంక తుడువకు బావా!" అన్నాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. భూమయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

భోజనాలయ్యాక ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. భూమయ్య దాని చేతులు పట్టుకుని వంగబోయాడు. షామియానాలో మాటలు ఆగిపోయాయి. అందరూ ఇటే చూస్తున్నారు, ఎంత మెల్లగా దిగుతాడో అని. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆయన మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"కూసో బావా, పైలంగ కూసో" అన్నాడు రఘుపతి.

"గిట్లనే మంచిగుంటది బావా" అని, పక్కనున్న షామియానా గుంజ మీద ఒక చెయ్యి వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు.